మూలప్రతి ఎవరి చేతిలో ఉంది?

1

సాహిత్య చరిత్రకారులు రచయిత గురించి రాస్తారు. రచన వెలువడిన కాలాన్నీ, ఆ కాలంలో పనిచేసిన సామాజిక శక్తులనూ వివరిస్తారు. ఆ రచన రచయిత బల్ల మీది నుంచి పాఠకుడి చేతికి ఏ దారిన వచ్చిందన్న ప్రశ్నను మాత్రం ప్రెస్సువాళ్ళకు వదిలేస్తారు. ఉత్పత్తి సాధనాలు ఎవరి అధీనంలో ఉన్నాయని ప్రతి రంగాన్నీ నిలదీసే మనం, సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న వేయకపోవడం సబబు కాదు. ఇవాళ ఆ ప్రశ్నను సూటిగా ఇలా అడగవచ్చు: ఒక రచనకు మూలప్రతి ఏది? అది ఎవరి చేతిలో ఉంది?

కంప్యూటరు వచ్చాక ఈ ప్రశ్నకు కొత్త అర్థం ఏర్పడింది. ఒకే రచన ఇప్పుడు అచ్చు పుస్తకంగా, ఫోనులో చదివే ఈ-పుస్తకంగా, వెబ్ పుటగా, చూపులేనివారికి చదివి వినిపించే గొంతుగా, వేళ్ళతో తడిమి చదువుకొనే బ్రెయిల్‌గా వెలువడగలదు. వీటిలో ఒక్కొక్కదాన్ని విడిగా తయారుచేస్తే అయిదుసార్లు శ్రమ, అయిదు చోట్ల కొత్త తప్పులు. అలా కాక, రచనను ఒక్కసారే టైపు చేసి, అందులో ఏది శీర్షిక, ఏది పద్యం, ఏది సంభాషణ, ఏది అధోజ్ఞాపిక అన్నది గుర్తులతో తెలియజేసి, ఆ ఒక్క మూలం నుంచి అన్ని రూపాలనూ యంత్రం చేతనే తీయించే పద్ధతి ఉంది. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ అరవై ఏళ్ళుగా పెరుగుతూ వచ్చింది. ఆ చరిత్రనూ, అందులో తెలుగు నడిచిన దారినీ పరిశీలించి, మన రచయితలు తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2

తాళపత్రాల కాలంలో స్థిరమైన మూలప్రతి అన్నది దాదాపు లేదు. కవి చెప్పినదాన్ని లేఖకుడు గంటంతో రాశాడు. ఆకులు శిథిలమైతే మరొకరు కొత్త ఆకుల మీదికి ఎత్తి రాశారు. ఎత్తి రాసినప్పుడల్లా ఒక అక్షరం జారింది, ఒక పద్యం చేరింది. రాజమండ్రిలో కూడా కొంతకాలం ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకు పూనుకొన్నప్పుడు ఎదుర్కొన్న పరిస్థితి ఇదే. ఆయన అనేక ప్రతులు సేకరించాడు. పండితులకు జీతాలిచ్చి పాఠాంతరాలు పోల్చి చూపించాడు. 1829లో 693 పద్యాలను అచ్చు వేయించాడు. చెల్లాచెదరుగా ఉన్న అనేక రూపాల నుంచి ఒక మూలాన్ని నిర్మించడం బ్రౌన్ చేసిన పని. ఆ శ్రమ ఎంతటిదో తెలిసినవాడికి, మూలాన్ని మొదటినుంచీ భద్రంగా ఉంచుకోవడం ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

అచ్చుయంత్రం ఈ సమస్యను సగమే పరిష్కరించింది. ఒక ముద్రణలోని ప్రతులన్నీ ఒకేలా ఉంటాయి, నిజమే. కాని తెలుగు కంపోజింగ్ సంగతి తెలిసినవాళ్ళకు మరో విషయం కూడా తెలుసు. గుణింతాలు, ఒత్తులు కలిపి వందల రకాల సీసపు అక్షరాలు కేసులలో పేర్చుకొని, కంపోజిటర్ ఒక్కొక్క అక్షరమే ఏరి ఫారం కట్టేవాడు. ఫారం అచ్చయిన వెంటనే ఆ అక్షరాలను విడదీసి తిరిగి కేసుల్లో వేసేవాడు. ఎందుకంటే తరవాతి ఫారానికి అవే అక్షరాలు కావాలి. అంటే అచ్చుకు ఆధారమైన మూలం అచ్చుతోనే అంతరించింది. మలి ముద్రణకు మళ్ళీ మొదటి నుంచి కంపోజింగ్, మళ్ళీ ప్రూఫులు. చిన్న రచయితల పుస్తకాలు మలి ముద్రణకు నోచుకోకపోవడానికి పాఠకుల నిరాదరణ ఒక్కటే కారణమనుకొంటాం. ప్రతి ముద్రణకూ పూర్తి శ్రమను మళ్ళీ కొనవలసి రావడం కూడా ఒక కారణం.

ఒకే రచనను పలు రూపాల్లో అందించాలన్న కోరిక కంప్యూటరుతో పుట్టింది కాదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో అచ్చు పుస్తకంగా వచ్చింది. 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి దాన్ని శ్రీశ్రీ సొంత దస్తూరితో, ఆయన గొంతు నింపిన క్యాసెట్‌తో వెలువరించారు. కంటికి అచ్చు, కంటికే దస్తూరి, చెవికి గొంతు: ఒకే కావ్యానికి మూడు రూపాలు. ఐతే ఒక్కొక్క రూపానికీ విడిగా శ్రమపడవలసి వచ్చింది. ఒకదానిలో చేసిన దిద్దుబాటు మరొకదానిలోకి తనంతట తాను పోదు. నాటక సమాజాల అనుభవమూ ఇదే. ఒకే నాటకం నుంచి ప్రాంప్టర్‌కు పూర్తి ప్రతి, ఒక్కొక్క నటుడికి తన పోర్షను విడిగా రాసి ఇచ్చేవారు. దర్శకుడు ఒక మాట మారిస్తే ఆ కాగితాలన్నీ దిద్దాలి. ఒకటి దిద్దడం మరచిపోతే రంగస్థలం మీదే బయటపడుతుంది.

3

పాశ్చాత్య దేశాల్లో ఈ చిక్కును విప్పే ప్రయత్నం సాహిత్యం కోసం మొదలుకాలేదు. దాని వెనక ఉన్నవి కార్యాలయాల అవసరాలు. 1964లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జెరోమ్ సాల్ట్జర్ ‘రన్‌ఆఫ్’ అనే ప్రోగ్రాం రాశాడు. రాతలో మధ్యమధ్య చుక్కతో మొదలయ్యే పంక్తులు ఉంటాయి. అవి చదివేవాడికి చెప్పే మాటలు కావు, యంత్రానికి ఇచ్చే ఆదేశాలు. బెల్ ప్రయోగశాలల్లో యూనిక్స్ రూపొందుతున్న రోజుల్లో దానికి కొత్త కంప్యూటరు సంపాదించడానికి చూపిన కారణం పేటెంట్ విభాగం కాగితాలు తయారుచేయడమే. 1971లో దాన్ని మొదట వాడినవారిలో ఆ విభాగం టైపిస్టులు ఉన్నారు. అక్కడే జో ఒస్సానా రాసిన ‘ఎన్‌రాఫ్’ టైపు మిషను వంటి పరికరానికి, ‘ట్రాఫ్’ ఫొటో టైప్‌సెట్టర్‌కు పుటలు కట్టేవి. రెండింటికీ దాదాపు ఒకే మూలం ఇవ్వవచ్చు. ఒక రాత, రెండు రూపాలు అన్న సూత్రం 1970ల తొలినాళ్ళలోనే ఆచరణలోకి వచ్చింది.

దీనికన్నా లోతైన ఆలోచన మరో చోట సాగింది. పత్రంలోని విషయాన్ని దాని ముద్రణాకృతి నుంచి వేరు చేయాలని 1967లోనే విలియం టనిక్లిఫ్ ప్రతిపాదించాడు. 1969లో ఐ.బి.ఎం.లో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ న్యాయవాదుల కార్యాలయాల పనికోసం ఒక పద్ధతి తయారుచేశారు. దిద్దడానికి ఒక ప్రోగ్రాం, వెదకడానికి ఒకటి, పుట కట్టడానికి మరొకటి ఉండేవి. ఒకదాని భాష మరొకదానికి తెలియదు. కాబట్టి పత్రంలో ‘ఇక్కడ పెద్ద అక్షరాలు వేయి’ అని రాయకుండా ‘ఇది శీర్షిక’ అని రాయాలన్నారు. శీర్షికను ఎలా చూపాలో ఏ ప్రోగ్రాంకు ఆ ప్రోగ్రామే తేల్చుకొంటుంది. చిన్నదిగా కనిపించే ఈ మార్పులోనే తరవాతి చరిత్ర అంతా ఉంది. ఆ పద్ధతి పెరిగి 1986లో ఎస్.జి.ఎం.ఎల్. పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. వెబ్ పుటల భాష అయిన హెచ్.టి.ఎం.ఎల్., 1998లో వచ్చిన ఎక్స్.ఎం.ఎల్. దాని సంతతే. మరోవైపు తన గ్రంథం మలి ముద్రణ ప్రూఫులు నాసిగా ఉండడం సహించలేక డోనాల్డ్ నూత్ 1977లో ‘టెక్’ నిర్మాణానికి పూనుకొన్నాడు. ఏ యంత్రం మీదైనా ఒకే తీరుగా పుట రావాలన్నది ఆయన పట్టుదల.

ఈ చరిత్రలో మనం ప్రత్యేకంగా గమనించవలసిన ఘట్టం ఒకటి ఉంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ రీడ్ ‘స్క్రైబ్’ అనే చక్కని ప్రోగ్రాం తయారుచేశాడు. పత్రం నిర్మాణాన్ని రచయిత చెప్పాలి, ఆకృతిని యంత్రం చూసుకోవాలి అన్నది దాని సూత్రం. 1979లో దాన్ని ఒక కంపెనీకి అమ్మారు. డబ్బు కట్టకుండా వాడుకొనేవారి ప్రతులు కొంత గడువు తరవాత పనిచేయకుండా పోయే ఏర్పాటు అందులో పెట్టారు. అప్పటిదాకా తోటివారితో పంచుకొన్న పనిముట్టుకు తాళం పడింది. దీన్ని తీవ్రంగా నిరసించినవారిలో రిచర్డ్ స్టాల్‌మన్ ఒకరు. ఆయన 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమం కోసం తయారైన ‘టెక్సిన్‌ఫో’ స్క్రైబ్ పద్ధతినే అనుసరించింది. ఒకే ఫైలు నుంచి అచ్చు పుస్తకాన్నీ, తెర మీద చదివే ప్రతినీ ఇచ్చింది. కాని అది అందరి సొత్తు. పద్ధతి ఒకటే, యాజమాన్యం వేరు. సాంకేతిక విజ్ఞానం తటస్థమైనదని చెప్పేవారు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

4

తెలుగు ఈ రంగంలోకి రెండు దారుల్లో ప్రవేశించింది. ఆ రెండూ ఎదురెదురు దిశల్లో సాగినవి.

మొదటిది పాఠాన్ని పాఠంగా దాచే దారి. 1991లో భారత ప్రమాణంగా స్థిరపడిన ఇస్కీ పద్ధతి, బ్రాహ్మి నుంచి పుట్టిన మన లిపులన్నింటికీ ఒకే సంకేత పట్టికను ఏర్పరచింది. ‘క’ అన్న ధ్వనికి ఒక సంఖ్య ఉంటుంది. దాన్ని తెలుగులో చూపాలా, కన్నడంలో చూపాలా అన్నది తరవాతి సంగతి. ఇస్కీ తొలి రూపాన్ని ఆధారం చేసుకొని అదే 1991లో యూనికోడ్ తెలుగుకు 128 గళ్ళు కేటాయించింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణ పద్ధతిని రూపొందించారు. రోమన్ అక్షరాల్లో కొట్టిన తెలుగును వారి ప్రోగ్రాం తెలుగు లిపిలోకి మార్చేది. రోమన్ లిపిలోనే చదువుకొన్నా, తెలుగు లిపిలో అచ్చు తీసుకొన్నా మూలం ఒక్కటే. ప్రవాస యువకులు ఇంటర్నెట్ తొలి చర్చావేదికల్లో ఆ రాతతోనే సాహిత్య వాదోపవాదాలు సాగించారు.

రెండోది మన ఊళ్ళ దారి. 1985లో పేజ్‌మేకర్ వచ్చింది. 1990లలో తెలుగు డి.టి.పి. కేంద్రాలు జిల్లా పట్టణాలను దాటి అమలాపురం, రాజోలు, కొత్తపేట వంటి చోట్లకు విస్తరించాయి. అను, శ్రీలిపి వంటి తెలుగు ఫాంట్ల వ్యవస్థలు సీసపు అక్షరాల భారాన్ని తొలగించాయి. వీటి సేవను తక్కువ చేయడం అన్యాయం. చిన్న పత్రికలు, మొదటి కవితా సంపుటాలు, దళిత, స్త్రీవాద సంకలనాలు అంత విస్తారంగా రావడానికి డి.టి.పి. చౌకదనం తోడ్పడింది.

ఐతే అది పాఠాన్ని దాచలేదు. పాఠం ఆకారాన్ని దాచింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత సంఖ్య లేదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్ళలో తలకట్టు ముక్కలు, కొమ్ములు, ఒత్తులు పెట్టారు. కంటికి ‘క్రాంతి’ కనిపిస్తుంది. ఫైలులో ఉన్నది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరస. ఏ ముక్క ఏ గడిలో ఉందన్నది ఒక్కొక్క ఫాంటు తయారీదారు ఇష్టం. ఫాంటు మారిస్తే పుట అంతా పిచ్చిగీతలు. అందులో ఒక మాటను వెదకలేము. దాన్ని గొంతుగానూ, బ్రెయిల్‌గానూ మార్చలేము. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తో ఆగిపోయింది. ఆ ఫైళ్ళను తెరిచే యంత్రాలు తగ్గిపోతున్నాయి. కవి దగ్గర మిగిలినవి కొన్ని అచ్చు ప్రతులు, మహా అయితే ఒక పీడీఎఫ్. పీడీఎఫ్ ఎండిన పువ్వు వంటిది. రంగు, రేకు కనిపిస్తాయి. దాని నుంచి మొక్క మొలవదు.

ఈ రెండు దారులను కలపడానికి కొందరు ఓపికగా కృషి చేశారు. వెన్న నాగార్జున తయారుచేసిన ‘పద్మ’ వార్తాపత్రికల సొంత ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఫాంట్లు రూపొందించారు. 2001లో విండోస్ ఎక్స్.పి.తో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన కోనసీమకు తూర్పు హద్దుగా పారే పాయ పేరే. 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక తరవాతి కాలంలో యూనికోడ్‌లోకి వచ్చింది.

5

ఇక్కడ ఒక సిద్ధాంత ప్రశ్న తలెత్తుతుంది. వస్తువునూ శిల్పాన్నీ విడదీయరాదని అభ్యుదయ విమర్శ మొదటినుంచీ చెప్తూ వచ్చింది. విషయాన్ని ఆకృతి నుంచి వేరుచేయాలని చెప్పే ఈ సాఫ్ట్‌వేర్ సూత్రం దానికి విరుద్ధం కాదా అని విద్యార్థులు అడగవచ్చు.

కాదు. ఇక్కడ వేరు చేస్తున్నది శిల్పాన్ని కాదు, ముద్రణాకృతిని. వచన కవితలో పాదం ఎక్కడ విరిగిందన్నది శిల్పం. అది అక్షరం ఎంత లావుగా ఉంది, మార్జిన్ ఎంత వదిలారు అన్నదానికి చెందదు. సరైన మూలప్రతిలో పాదవిరుపు ఒక గుర్తుగా నమోదవుతుంది. ఫోను తెర ఇరుకై పాదం రెండు వరసలుగా పడినా, అది కవి విరిచిన పాదమా, తెర విరిచిన పాదమా అన్నది యంత్రానికి తెలుస్తుంది, పాఠకుడికీ చూపవచ్చు. ఆకారాన్ని మాత్రమే దాచిన ఫైలులో ఈ తేడా చెరిగిపోతుంది. నాటకంలో పాత్ర పేరు, సంభాషణ, రంగసూచన వేర్వేరు గుర్తులతో ఉంటే, ఒక్కొక్క నటుడి పోర్షనునూ యంత్రమే విడదీసి ఇస్తుంది. అంటే ఈ పద్ధతి శిల్పాన్ని స్పష్టంగా చెప్పమని రచయితను అడుగుతుంది. తన రచన నిర్మాణం తనకు తెలిసిన రచయితకు ఇందులో నష్టం లేదు.

పరిమితులు లేవని కాదు. పుట మీద అక్షరాలను బొమ్మలా అమర్చిన కవితకు, దస్తూరి అందానికి ఈ మూలం చాలదు. లండన్ ‘మహాప్రస్థానం’ విలువ దాని పుటల్లోనే ఉంది. అటువంటివాటిని బొమ్మగానూ దాచాలి, పాఠంగానూ దాచాలి. అలాగే మూలం ఒకటే కావాలంటే రచనకు ఒకే పాఠం ఉండాలని అర్థం కాదు. ‘కన్యాశుల్కం’ 1897 కూర్పు వేరు, గురజాడ పెంచి తిరగరాసిన 1909 కూర్పు వేరు. రెండూ మూలాలే. రెండింటినీ కలిపేయకుండా, దేని తేదీతో దాన్ని ఉంచడం పరిష్కర్త బాధ్యత.

6

ఇప్పుడు పనిముట్లకు కొదవ లేదు. బర్క్‌లీలో తత్వశాస్త్రం బోధించే జాన్ మెక్‌ఫార్లేన్ 2006లో మొదలుపెట్టిన ‘పాండాక్’ ఉచితంగా దొరుకుతుంది. సాదా గుర్తులతో రాసిన ఒక ఫైలు నుంచి వెబ్ పుట, ఈ-పుస్తకం, వర్డ్ పత్రం, టెక్ ద్వారా అచ్చుకు పీడీఎఫ్ తీస్తుంది. 2005లో మొదలైన తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకం పుటల బొమ్మ ఒక పక్క, పాఠం ఒక పక్క ఉంటాయి. ఒకరు దిద్దిన పుట పసుపు, మరొకరు సరిచూసిన పుట ఆకుపచ్చ. పూర్తయిన పుస్తకాన్ని ఎవరైనా ఈ-పుస్తకంగానో, పీడీఎఫ్‌గానో దించుకోవచ్చు. ఒకప్పటి ప్రూఫ్ రీడర్ల ఓర్పు అక్కడ కొత్త రూపంలో బతుకుతున్నది.

దీని వల్ల అందరికన్నా ఎక్కువ లాభపడేది చూపులేని పాఠకుడు. 2006లో ఆస్ట్రేలియాలో, తానే చూపులేని మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఎన్.వి.డి.ఎ. తెర మీది పాఠాన్ని చదివి వినిపిస్తుంది. ఈస్పీక్ అనే గొంతు దానికి తెలుగు నేర్పింది. లూయీ బ్రెయిల్ పేరు పెట్టుకొన్న లిబ్‌లూయీ యూనికోడ్ పాఠాన్ని బ్రెయిల్ చుక్కలుగా మారుస్తుంది. చూపులేనివారికి చదవదగిన ప్రతులు తయారుచేయడానికి 2012 సవరణతో మన కాపీరైటు చట్టం అవకాశమిచ్చింది. 2013 నాటి మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది భారతదేశమే. చట్టం దారి ఇచ్చింది. దారిలో అడ్డుగా నిలిచింది మన ఫైళ్ళు.

కోనసీమ నుంచే ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. రాజోలు దగ్గరి మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంతో ఊళ్ళను కదిలించారు. ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. 2005లో మరణించారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక అరవై ఏళ్ళు హక్కులు వారసులవి. 2066 దాకా ఆయన రచనలు అందరి సొత్తు కావు. హక్కు విషయంలో పేచీ లేదు. కాని ఆ రోజు వచ్చేసరికి వాటి మూలప్రతులు ఏ స్థితిలో ఉంటాయి? ఇవాళ రాస్తున్న యువ రచయితలకు ఆ గడువు ఇంకా దూరం. హక్కు కాగితం మీద భద్రంగా ఉండి, పాఠం తెరుచుకోని ఫైలులో ఉంటే వారసులకు దక్కేదీ లేదు, పాఠకులకు దక్కేదీ లేదు.

కనుక రచయిత తన పుస్తకం అచ్చుకు ఇచ్చేటప్పుడే యూనికోడ్‌లో ఉన్న పాఠాన్ని, ఆఖరి ప్రూఫు దిద్దుబాట్లతో సహా, తిరిగి తన చేతికి ఇవ్వాలని డి.టి.పి. కేంద్రంతో ముందే మాట్లాడుకోవాలి. ఆఖరి నిమిషంలో పేజీ మీద చేసిన దిద్దుబాటు మూలంలోకి రాకపోతే, మూలం ఆ క్షణం నుంచే పాతదవుతుంది. అధ్యాయాన్ని అధ్యాయంగా, పాదాన్ని పాదంగా గుర్తించి ఉంచాలి. ఏ కూర్పో, ఏ తేదీయో రాయాలి. ఒక ప్రతి తన దగ్గర, ఒకటి ఊరి గ్రంథాలయంలో, ఒకటి సంఘం దగ్గర ఉండాలి. రచయితల సంఘాలు తాము వేసే సంకలనాలకైనా ఈ నియమం పెట్టుకోవాలి. దానికి ఖర్చు లేదు, క్రమశిక్షణ కావాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి మళ్ళింది. మధ్య డెల్టాలో ఉన్న మనకు శివారు రైతు బాధ ఏమిటో తెలుసు. కాలువలు ఎన్ని ఉన్నా, తల దగ్గర లాకు ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టే శివారు చేనుకు నీరు అందుతుంది. సాహిత్యానికి కూడా శివారు పాఠకులున్నారు. పుస్తకం కొనలేని విద్యార్థి, పాత ఫోనులో చదువుకొనే కూలీ, దూరదేశంలో ఉన్న తెలుగు పిల్లవాడు, అక్షరాన్ని వేలితో తడిమేవాడు. వాళ్ళ దాకా మన రాతలు పోవాలంటే మూలప్రతి మన చేతిలో ఉండాలి, తెరుచుకొనే స్థితిలో ఉండాలి.